ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆటలో మా పిడకలు

నేను ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో మా వరంగల్‌లో వీడియో గేమ్ అంటే పిల్లలు పరీక్షలు తప్పడానికి కనిపెట్టిన వస్తువు. దాన్ని ఎవరో కూర్చుని తయారు చేస్తారనీ, అలా చేసేవాళ్ళకు నెల నెలా జీతం వస్తుందనీ, వాళ్ళలో మన హన్మకొండ అమ్మాయి కూడా ఉండవచ్చనీ ఎవరికీ తోచేది కాదు. చెప్పినా నమ్మేవారు కాదు. "కంప్యూటర్ల బొమ్మలు చేస్త" అంటే, "అంటే పెండ్లి కార్డులు కొడ్తవా బిడ్డా?" అని అడిగేవారు. మొదట్లో ఓపికగా వివరించేదాన్ని. తర్వాత విసుగొచ్చి "ఔ, పెండ్లి కార్డులే" అనడం మొదలుపెట్టాను (దాంతో ఒకరిద్దరు ఆర్డర్లు కూడా ఇచ్చారు). ఇప్పటికీ ఎవరైనా ప్రపంచంలో అత్యధిక ఖర్చుతో తయారైన ఆటల పేర్లు ఏకరువు పెడుతుంటే, వాటిలో ఒకదాని పేరు రాగానే నేను మెడ నిటారుగా పెట్టి కూర్చుంటాను. దాంట్లో నేను చేసినవి ఉన్నాయి. ఏం చేశానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం సిగ్గు లేదు. నేను చేసింది పిడకలు.

అంత పెద్ద ఆటను ఒక్కచోట కూర్చుని ఎవరూ చెయ్యలేరు. కథానాయకుడి ముఖం, అతని కత్తి, అతని గుర్రం లాంటి ఘనమైనవన్నీ విదేశంలో ఉన్న అసలు కంపెనీ వాళ్ళు చేసుకుంటారు. ఆ కథానాయకుడు కన్నెత్తి కూడా చూడకుండా దాటిపోయే రాళ్ళూ రప్పలూ, తట్టలూ బుట్టలూ, విరిగిన బండి చక్రాలూ మాలాంటి చిన్న ఆఫీసులకు పంచుతారు. మా ఆఫీసు హన్మకొండలో ఒక రక్త పరీక్షల కేంద్రం పైన ఉండేది. మెట్ల మీద ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు మోచేతి దగ్గర దూది అదిమిపట్టుకుని కూర్చుని ఉండేవారు. మాకు పని అప్పజెప్పే సీనియర్‌ను అందరం ఫీడ్‌బ్యాక్ అన్న అనేవాళ్ళం. ఆయన పొద్దున్నే నమస్తే అనాల్సిన చోట "ఫీడ్‌బ్యాక్ వచ్చింది" అనేవాడు. అంటే విదేశంవాళ్ళు మా పనిలో తప్పులు పట్టారని. ఆ మాట వింటే కింద సూది గుచ్చించుకున్నవాళ్ళ కంటే మా ముఖాలే ఎక్కువ పాలిపోయేవి. ఆట పేరు బయట చెప్పకూడదని, ఇంట్లో సైతం చెప్పకూడదని మా అందరి చేత సంతకాలు పెట్టించుకున్నారు. నేను చెప్పలేదు. మా అమ్మతో అన్నది ఒక్కటే మాట. "పేరు చెప్పొద్దన్నరు గని, ఇంత ఖర్చు పెట్టి ప్రపంచంల ఇప్పటిదాంక ఎవ్వలు ఆట చెయ్యలేదంటనే అమ్మా."

ఆ ఒక్క మాట చాలు మా అమ్మకు. ఆ ఆదివారం చర్చి (మేం గుడి అంటాం) ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే సమయంలో, కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడింది. మా సంఘంలో సాక్ష్యం అంటే దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకోవడం. జ్వరం తగ్గినా చెబుతారు, తప్పిపోయిన బర్రె దొరికినా చెబుతారు. మా అమ్మ చెప్పింది ఇది: "ప్రభువు నామంల అందరికి వందనాలు. మా బిడ్డ చేతులను దేవుడు లోకంలనే పెద్ద ఆటల వాడుకుంటాండు. దాని పేరు చెప్పొద్దంట. దాని ఖర్చుతోని ఒక డ్యామ్ కట్టొచ్చంట. ఆ ఆట జల్ది బయటికి రావాలని మీరందరు ప్రార్థన చెయ్యున్రి." డ్యామ్ లెక్క నేను చెప్పింది కాదు, అమ్మ సొంతంగా వేసుకున్నదే. సంఘమంతా ఆమేన్ అంది. పాస్టరుగారు ఒక్క క్షణం తటపటాయించి, కళ్ళు మూసుకుని, "పేరు చెప్పరాని ఆ ఆటను కూడా దీవించు తండ్రీ" అని ప్రార్థించారు. నేను బెంచీ కిందికి దూరిపోదామనుకున్నాను. ఆ ఆటలో కత్తితో నరకని మనిషి లేడనీ, మంత్రగత్తెలు ఊళ్ళకు ఊళ్ళు తగలబెడతారనీ ఆ గుడిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మా బాపు మాత్రం ఆమేన్ అనలేదు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. గుడిలో వెనక బెంచీలో కూర్చుని, పాటలప్పుడు పెదవులు కదిపి, అయిపోగానే మోటారు బండి స్టార్ట్ చేసే మనిషి. జీవితంలో ఒక్కసారి కూడా సాక్ష్యానికి లేచిన పాపాన పోలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని, నావైపు చూడకుండా అడిగారు. "నేను బస్సు రిపేరు చేస్తె రోడ్డు మీద నడుస్తది. నలుగురికి కనవడ్తది. నువ్వు చేసేది ఏడ కనవడ్తది బిడ్డా?" ఆట వచ్చాక కనపడుతుందన్నాను. "మంచిది. ఆట వచ్చిననాడు నువ్వు చేసింది నా కండ్లకు కనవడాలె. కనవడ్తె నీ ఇష్టం, మల్ల అడగ. కనవడకపోతే సప్పుడు జెయ్యక బీఎడ్‌ల చేరాలె." బీఎడ్ అన్నది మా పెద్దనాన్న సలహా. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, సుబేదారిలో ఇల్లు కట్టుకుని, బంధువుల పిల్లలందరి భవిష్యత్తునూ అక్కడినుంచే నడిపిస్తుండేవారు. నేను పౌరుషానికి పోయి "సరే" అన్నాను. ఆట చివర చేసినవాళ్ళ పేర్లు వస్తాయి కదా, అందులో చూపిస్తే సరిపోయేది కదా అని మీరు అనవచ్చు. అసలు కంపెనీలో కాఫీ కలిపినాయన పేరైనా ఉంటుందేమోగానీ మా ఆఫీసు వాళ్ళ పేర్లు ఉండవు. కాబట్టి నాకున్న దారి ఒకటే, నేను చేసిన వస్తువు ఆటలో కనపడాలి.

నాకు అప్పటికి వచ్చిన పనులన్నీ ఇంకొకరు మొదలుపెట్టినవాటికి మెరుగులు దిద్దడమే. పూర్తిగా నాదే అని చెప్పుకోగలిగింది ఒక్కటీ లేదు. అలాంటి సమయంలో ఫీడ్‌బ్యాక్ అన్న నా బల్ల దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ, "నీకు సొంత అసెట్ వచ్చింది" అన్నాడు. అసెట్ అంటే మా భాషలో ఆటలో కనపడే ఏదైనా వస్తువు. ఆనందంతో లేచి నిలబడ్డాను. "ఏందన్నా, కోటనా?" అన్నాను. "పెండ" అన్నాడు. పక్కనున్నవాళ్ళంతా కిసుక్కున నవ్వారు. విదేశం నుంచి వచ్చిన సూచన కూడా చూపించాడు. ఎండిన పేడ, పాతకాలపు పేద పల్లెటూరు, చలికాలం, రకరకాలుగా ఉండాలి. అంతే. నేను కుర్చీలో కూలబడ్డాను. ఆ తర్వాత నాలో ఏదో మొండితనం లేచింది. పేడే కదా, లోకంలో ఇంతవరకు ఏ ఆటలోనూ లేనంత గొప్ప పేడ చేసి చూపిస్తాను అనుకున్నాను.

మరుసటి శనివారం కెమెరా తీసుకుని నర్సంపేట దగ్గర మా నాయనమ్మ ఊరికి వెళ్ళాను. ఎండిన పేడ అనగానే నా బుర్రలో మెదిలింది గోడ. మా వైపు పేడను దారిలో ఎండనిచ్చేంత తీరిక ఎవరికుంటుంది? పడీ పడగానే తట్టలోకి ఎత్తి, ఊక కలిపి, ముద్దలు చేసి గోడకు కొడతారు. ఎండిన పేడ అంటే పిడకే. మా నాయనమ్మ నేను గోడకు ఫొటోలు తీయడం కాసేపు చూసి, "నీకేమన్న గాలి సోకిందానే? పిడకలకు ఫొటోలేంది?" అంది. ఉద్యోగం కోసమన్నాను. ఆమె మరీ భయపడింది. "కంపెనోళ్ళు పిడకలు చేపిస్తాండ్రా నీతోని? గంత చదువు సదివిచ్చింది ఇందుకా?" తర్వాత తనే జాలిపడి, "ఫొటోల ఏం తెలుస్తది, చెయ్యి పెట్టు" అని నా ముందు తట్ట పెట్టింది. నేను కొట్టిన మొదటి పిడక జారి నా చెప్పు మీద పడింది. రెండోది నిలిచింది. మధ్యాహ్నానికి గోడ మీద ఒక వరుస నిండా నా అయిదు వేళ్ళే. వాటి ఫొటోలు తీసుకుని, చేతులు ఎంత కడిగినా పోని వాసనతో నర్సంపేట బస్సెక్కాను (పక్క సీటావిడ కిటికీ తెరిచింది, నేను పట్టించుకోలేదు).

ఎంతో శ్రద్ధగా చేశాను ఆ పిడకల్ని. అంచుల దగ్గర పగుళ్ళు, అక్కడక్కడా మెరిసే ఊక, వేళ్ళ సందుల్లో నీడ, అన్నీ కుదిరాయి. పంపిన మూడోనాడు ఫీడ్‌బ్యాక్ అన్న చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఫీడ్‌బ్యాక్ వచ్చింది. పెండ మీద వేళ్ళెందుకున్నయని అడుగుతాండ్రు. పెండ గోడ మీదికి ఎట్లెక్కిందని అడుగుతాండ్రు." వాళ్ళ ఊహలో ఎండిన పేడ అంటే దారి మధ్యలో పడి ఉన్నదే. "గవన్నీ తీసేసి, కింద గుండ్రంగ చేసి పంపియ్యి" అన్నాడు. "తియ్యనన్నా" అన్నాను. "క్లయింటుకు ఎదురు చెప్తవా? వాళ్ళ బడ్జెట్ ఎంతనో ఎరికేనా నీకు?" అన్నాడు. "ఎరికే. గంత బడ్జెట్ పెట్టి తప్పు చేస్తమంటె చూసుకుంట ఊకుండాల్నా?" అన్నాను. అప్పుడే, అక్కడే, ఆయన చూస్తుండగా జవాబు రాశాను. ఈ ఊరివాళ్ళు పేదవాళ్ళని మీరే చెప్పారు, చలికాలమనీ మీరే చెప్పారు, కట్టెల కోసం అడవికి వెళ్ళినవాళ్ళను తోడేళ్ళు తింటాయనీ మీ కథలోనే ఉంది, అలాంటి ఊళ్ళో పేడను దారిలో ఎండబెట్టి వదిలేస్తే పొయ్యిలో ఏం పెట్టుకుంటారు అని అడిగాను. ఫీడ్‌బ్యాక్ అన్న కుర్చీ వెనక నిలబడి "అయిపోయింది, మన ఆఫీసు మూతపడ్డది" అని గొణుగుతూనే ఉన్నాడు. జవాబు చాలా రోజులు రాలేదు. వచ్చినప్పుడు మాత్రం ఒక్క మాటే ఉంది, సరే అని. నేను ఆ మాటను తెర మీద పెద్దది చేసి అందరికీ చూపించాను.

అక్కడితో గెలిచేశాననుకోకండి. అంతంత బడ్జెట్లున్న ఆటలకు రెండు పాడు అలవాట్లుంటాయి. చేయించుకున్నవాటిలో చాలా భాగాన్ని చివరికొచ్చాక తీసి అవతల పారేస్తారు, మన వస్తువు ఉందో పోయిందో ఎవరూ చెప్పరు. రెండోది, చెప్పిన తేదీకి ఎన్నడూ రావు. మా ఆట వాయిదా పడింది. మళ్ళీ పడింది. వాయిదా పడిన ప్రతిసారీ మా అమ్మ సంఘంలో లేచి చెప్పేది, పెద్దనాన్న మాత్రం బీఎడ్ ప్రవేశాల సంగతి ఫోనులో కనుక్కునేవారు. చివరికి సంఘంలో మహిళా ప్రార్థన కూడిక నడిపే పెద్దమ్మలు పట్టుదలకొచ్చి శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. "ఆ ఆటకు అడ్డం పడ్తున్న దుష్టశక్తులను తోలెయ్యి ప్రభువా" అని వాళ్ళు కన్నీళ్ళతో వేడుకుంటుంటే, ఆ దుష్టశక్తులే ఆ ఆటలో ముఖ్య పాత్రలని నేను నోరు విప్పి చెప్పలేక మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆకలితో వాళ్ళ ముఖాలు వాడిపోయాయి. ఒక వీడియో గేమ్ విడుదల కోసం ఉపవాసమున్న సంఘం భూమ్మీద ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. నా మీద అంత నమ్మకం పెట్టుకున్నవాళ్ళు వాళ్ళే.

ఆట వచ్చింది. పెద్దనాన్న కొడుకు, నాకు తమ్ముడు వరస, వాడి దగ్గర ఆడే మిషనూ, గోడంత టీవీ ఉన్నాయి కాబట్టి, ఆదివారం ఆరాధన కాగానే అందరం సుబేదారి చేరాం. అమ్మ, బాపు, పాస్టరుగారు, ఉపవాసమున్న పెద్దమ్మలు ఇద్దరు. పెద్దమ్మలు బూందీ తెచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేసి "ఆమేన్" అనడం, తెర మీద ఒకడి తల తెగి దొర్లడం ఒకేసారి జరిగాయి. "అయ్యో దేవా!" అంది ఒక పెద్దమ్మ, చేతిలో బూందీ అలాగే ఉండిపోయింది. మా అమ్మ నన్ను గిల్లి, "నరికినోడు మంచోడేనానే?" అని గుసగుసగా అడిగింది. మంచోడే అన్నాను. "మరి సచ్చినోడు?" వాడూ మంచోడే అని చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత ఒక మద్యం దుకాణం, అందులో ఒక నర్తకి వచ్చేసరికి పాస్టరుగారు కళ్ళజోడు తీసి, చాలాసేపు, చాలా శ్రద్ధగా తుడుచుకున్నారు. తమ్ముడు అడవి దాటబోతే తోడేళ్ళు తినేశాయి. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ తినేశాయి. "గీ ఆట గెలుసుడు కాదుగని, బీఎడ్ చేసుడే నయం" అన్నారు పెద్దనాన్న. బాపు కుర్చీ అంచున కూర్చుని తెరనే చూస్తున్నారు. ఆ తోడేళ్ళ అవతల ఒక ఊరుంది. అందులో నా గోడ ఉందో లేదో, నా బతుకు దాని మీదే ఆగి ఉంది.

చివరికి ఎలాగో తమ్ముడు ఆ పల్లెటూళ్ళోకి గుర్రాన్ని పరుగెత్తించాడు. గుడిసెలు, బురద, పొగ, ఒక కుక్క, అన్నీ రివ్వున వెనక్కి పోయాయి. అందులో ఒక గోడ కూడా పోయింది. "ఆగు!" అని నేను పెట్టిన కేకకు పెద్దమ్మల గుండెలు జారిపోయాయి. "ఎనకకు తిప్పు, ఎనకకు తిప్పురా!" వాడు తిప్పలేక గుర్రాన్ని పందులదొడ్లోకి తోలాడు. ఆట నడిపే రిమోట్ వాడి చేతిలోంచి లాక్కుని, ప్రపంచాన్ని కాపాడాల్సిన ఆ వీరుణ్ణి గుర్రం దింపి, బురదలో నడిపించి, ఆ గోడకు ఎదురుగా నిలబెట్టాను. వరుసగా పిడకలు. అయిదు వేళ్ళు, ఊక, పగుళ్ళు. ఒక్కటి కూడా తీసెయ్యలేదు వాళ్ళు. "ఇవే. ఇవి నేను చేసినయి" అన్నాను.

ముందు తమ్ముడు నవ్వాడు, తర్వాత పెద్దనాన్న పొట్ట పట్టుకుని నవ్వారు. "డ్యామ్ కట్టే పైసలు వెట్టి పిడకలు కొట్టిచ్చిన్రా? మా ఊరి గోడలకు పుణ్యానికే ఉంటయి గదరా!" పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేక దగ్గారు. మా అమ్మ ముఖం చిన్నబోయింది. ఆమె ఇన్నాళ్ళూ సాక్ష్యం చెప్పింది ఒక గోడ పిడకల గురించా! "అసలు గివి నువ్వే చేసినవని గ్యారంటీ ఏంది?" అన్నారు పెద్దనాన్న. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "ఆ దేశంల ఎవ్వనికన్న పిడక కొట్టుడు వస్తదా పెద్దనాయినా? గోడకెందుకు కొట్టాల్నో కూడ వాళ్ళకు ఎరికలేదు. తీసెయ్యమన్నరు, నేను తియ్యలే. వాళ్ళ ఊళ్ళె పేదోళ్ళు ఎట్ల బతుకుతరో వాళ్ళకు నేను చెప్పిన. కోట ఎవలన్న కడ్తరు. గా కోటను చూస్తె వట్టి బొమ్మనే అనిపిస్తది, గీ గోడను చూస్తెనే గీడ మనుషులున్నరని తెలుస్తది. నవ్వితె నవ్వున్రి. ఇవి నావి, మంచిగున్నయి." పెద్దల ముందు అంత గొంతు చేసుకుని నేను మాట్లాడటం అదే మొదటిసారి.

బాపు లేచారు. టీవీకి దగ్గరగా వెళ్ళి, డిపోలో ఇంజన్ ముందు వంగినట్టు వంగి చూశారు. "చెయ్యి ఎవలిది?" అన్నారు. "నాదే బాపూ." ఆయన తెరకు ఇంకొంచెం దగ్గరగా ముఖం పెట్టి, "అంచు పలిగింది. ఎండినంక అట్లనే పలుగుతది" అని తనలో తనే అనుకున్నారు. తర్వాత వెనక్కి తిరిగి, "అన్నా, ఇంక బీఎడ్ ముచ్చట ఎత్తకు. కనవడింది" అన్నారు. అంతే. ఆ తర్వాత కూర్చుని బూందీ తిన్నారు.

తరువాతి ఆదివారం సాక్ష్యాల వేళ మా అమ్మ లేవలేదు. కొంగు చాటున తల వంచుకుని కూర్చుంది. పాస్టరుగారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి, ఎవరూ లేరనుకుని పాటకు సిద్ధమవుతుంటే, మగవాళ్ళ వైపు వెనక బెంచీ కిర్రుమంది. మా బాపు నిలబడ్డారు. గుడి మొత్తం తల తిప్పి చూసింది. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు బెంచీని గట్టిగా పట్టుకున్నారు. వందనాలు చెప్పడం కూడా మరిచిపోయారు. "మా బిడ్డ ఆ ఆటల పిడకలు చేసింది. నేను చూసిన. మంచిగ చేసింది. దేవునికి స్తోత్రం" అని చటుక్కున కూర్చున్నారు. పిడకల సాక్ష్యానికి ఆమేన్ అనవచ్చో కూడదో ఎవరికీ తెలియలేదు. ముందుగా ఉపవాసమున్న పెద్దమ్మ ఒకావిడ గట్టిగా "ఆమేన్" అంది, ఆ వెనక అందరూ అన్నారు. మా అమ్మ తల ఎత్తింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఇప్పుడు నేను ఇంకా పెద్ద ఆటలకు, ఇంకా పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నాను. కోటలు కూడా చేశాను. విదేశం నుంచి ఏ మాట వచ్చినా "గమనించాం, మార్చి పంపుతాం" అని మర్యాదగా రాయడం నేర్చుకున్నాను, మా వాళ్ళందరూ నా నెమ్మదితనాన్ని మెచ్చుకుంటారు కూడా. మొన్న అలాగే ఒక మట్టి పొయ్యిని తీసేయమని రాశారు, మరీ మసి పట్టి ఉందట. అలవాటుగా "మార్చి పంపుతాం" అని రాసేశాను. పంపబోతుంటే, సుబేదారిలో రిమోట్ లాక్కుని, గొంతు పెంచి పెద్దవాళ్ళ ముందు నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల ఇది చూస్తే నన్ను కడిగి పారేసేది. నాలో నేనే నవ్వుకుని, రాసింది తుడిచేసి, వంట చేసిన పొయ్యికి మసి ఉంటుంది, మార్చను అని రాసి పంపాను.